శాస్త్రకల్పన నవలలు – ఉన్నత పాఠశాలలో విజ్ఞాన బోధన

2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మర్పల్లి మండలములోని ఒక పొలమున ఆకాశము నుండి వింత వస్తువొకటి దిగెను. గదియంత పెట్టె, దానికి పారాచూటు. చుట్టుప్రక్కల గ్రామముల వారు గుంపులుగా వచ్చి చూచిరి. గ్రహాంతరవాసుల వాహనమేమో యను మాట కూడ పుట్టెను. నిజమునకు అది స్పెయిన్ దేశపు హేలో స్పేస్ అను సంస్థ, హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రము సాయముతో పరీక్షార్థము పైకి పంపిన గది. అందులో మనుష్యులు లేరు. పెద్ద బెలూను దానిని మేఘములకు చాల ఎత్తున మోసికొనిపోగా, అది తిరిగి పారాచూటు ఆధారముతో నేలకు దిగినది.

మర్పల్లి, సంగారెడ్డి జిల్లాలోని రాయికోడ్‌కు ఎంతో దూరము కాదు. రాయికోడ్‌లో తొమ్మిదవ తరగతి చదువు బాలుడు ఆ దృశ్యమును చూచినచో వాని మనస్సులో మొదట మెదలునది ఆర్కిమెడీస్ సూత్రము కాదు, ఏదో సినిమాలోని నౌక. 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ మొదలు నేటి ఇంగ్లీషు చిత్రముల వరకు శాస్త్రకల్పన ఆ బాలునికి పరిచితమే. కాబట్టి విజ్ఞాన బోధనలో శాస్త్రకల్పనను ప్రవేశపెట్టవచ్చునా యను చర్చ కొంత ఆలస్యముగా వచ్చిన చర్చ యనవలెను. అది ఉపాధ్యాయుని అనుమతి లేకయే తరగతిలో ప్రవేశించినది. తేలవలసినదల్లా, దానిని కొలబద్దతో కొలిచి చూతుమా, కొలువక విడిచిపెట్టుదుమా యనునదే.

ఈ విషయమై ఉపాధ్యాయులలో రెండు అభిప్రాయములు వినబడుచుండును. నవలలు కాలహరణమని కొందరు త్రోసివేయుదురు. మరికొందరు అతిగా మెచ్చుకొందురు. ఈ రెండవ వారి పద్ధతియే ఎక్కువ హాని చేయుచున్నది. వారి దృష్టిలో శాస్త్రకల్పన రచయిత ప్రవక్త. జూల్స్ వెర్న్ 1865లోనే చంద్రయానమును ఊహించెననియు, అతని కథలో ముగ్గురు మనుష్యులు ఫ్లారిడా నుండి బయలుదేరి చంద్రుని చుట్టి పసిఫిక్ సముద్రములో పడగా, 1968 డిసెంబరులో అపోలో 8 లోని ముగ్గురును అట్లే ఫ్లారిడా నుండి పోయి చంద్రుని చుట్టి పసిఫిక్‌లోనే దిగిరనియు చెప్పి విద్యార్థులను ఆశ్చర్యపరతురు. పోలిక నిజమే. కాని ఆశ్చర్యపడిన విద్యార్థి నేర్చుకొన్నదేమి? జ్యోతిష్కుడు చెప్పినది జరిగెనని విన్నవాడు నేర్చుకొనునదియు అంతే.

వెర్న్ నవలను ప్రవచనముగా గాక లెక్కగా చదివినచో విషయము వేరగును. ‘భూమి నుండి చంద్రునికి’ అను నవలలో రాకెట్టు లేదు, ఫిరంగి యున్నది. 900 అడుగుల పొడవున, అనగా సుమారు 274 మీటర్ల పొడవున, భూమిలో నిలువుగా పోతపోసిన ఫిరంగి గొట్టమది. అందుండి వెలువడు గుండు సెకనుకు 12,000 గజముల వేగముతో, అనగా దాదాపు 11 కిలోమీటర్ల వేగముతో బయటపడవలెనని వెర్న్ వ్రాసెను. ఈ అంకె గాలిలోనిది కాదు. భూమి ఆకర్షణను దాటిపోవుటకు కావలసిన పలాయన వేగము సెకనుకు 11.2 కిలోమీటర్లు. ఇంతవరకు వెర్న్ ఎంత జాగ్రత్తపరుడో తెలియుచున్నది.

ఇక తొమ్మిదవ తరగతి విద్యార్థికి తెలిసిన ఒక్క సమీకరణమును నల్లబల్లపై వ్రాసిన చాలును: తుదివేగ వర్గము నుండి తొలివేగ వర్గమును తీసివేసిన, త్వరణమును దూరమును గుణించి రెట్టింపు చేసినంత వచ్చును. తొలివేగము సున్న, తుదివేగము 11,000 మీటర్లు, దూరము 274 మీటర్లు. త్వరణము సెకను వర్గమునకు సుమారు 2,20,000 మీటర్లని తేలును. ఇది భూమ్యాకర్షణ త్వరణమునకు 22,500 రెట్లు. ఫిరంగిలో ఆ గుండు ఉండు కాలము సెకనులో ఇరువదవ వంతు మాత్రమే. ఆ లిప్తపాటులో 50 కిలోల బాలుని శరీరముపై పడు భారము 1,125 టన్నులు! పాతిక టన్నుల లారీలు నలువదియైదు ఒకదానిపై నొకటి పేర్చి క్రింద మనిషిని పడుకోబెట్టినట్లు. వెర్న్ తన ప్రయాణికుల కొరకు నీటి మెత్తను అమర్చెను. ఆ మెత్త లోతు మూడడుగులు.

సరే, మనిషి ఓర్చుకొనగల త్వరణముతో, అనగా భూమ్యాకర్షణకు మూడు రెట్లతో, అదే వేగము రావలెనన్న గొట్టము పొడవెంత యుండవలెను? ఈ ప్రశ్నను విద్యార్థులకే విడువవచ్చును. జవాబు 2,000 కిలోమీటర్లకు పైన. ఫిరంగి ఒక కొన రాయికోడ్‌లో పెట్టి ఉత్తరముగా పరచినచో రెండవ కొన శ్రీనగరము దాటిపోవును. ఈ లెక్క ఒకసారి చేసిన బాలుడు ఫిరంగిని విడిచి, మెల్లగా చాలసేపు నెట్టు యంత్రము కావలెనని తనంత తానే చెప్పును. ఆ యంత్రమే రాకెట్టు.

ఇది కేవలము ఊహ కాదు, చరిత్రలో జరిగిన సంగతి. రష్యాలో కలూగా అను చిన్న పట్టణములో కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ అను ఉపాధ్యాయుడుండెను. బాల్యమున జబ్బుచేసి చెవుడు వచ్చినందున బడికి పోలేక పుస్తకములతోనే చదువుకొన్నవాడు. అంతరిక్ష యానము మీదికి తన మనస్సును మొదట మళ్లించినది వెర్న్ రచనలేనని ఆయనయే చెప్పుకొనెను. కాని ఆయన వెర్న్‌ను మెచ్చుకొని ఊరకుండలేదు. ఫిరంగితో పని జరుగదని లెక్కవేసి, 1903లో రాకెట్టు గమన సూత్రమును ప్రకటించెను. జర్మను భాషా రచయిత హెర్మన్ ఓబెర్త్ కూడ బాలుడుగా వెర్న్ నవలను చదివి ఆ ఫిరంగి ప్రయాణికులను చంపునని లెక్కగట్టినవాడే. వెర్న్ నిజము వ్రాసియుండుట వలన కాక, పరీక్షకు నిలబడని అంకెలను ధైర్యముగా వ్రాసియుండుట వలన వీరికి ఉపకరించెను. అంకె లేని కల్పనను పరీక్షించుటకు వీలు లేదు. ఉపాధ్యాయులు నవలను ఎన్నుకొనునపుడు మొదట చూడవలసిన గుణమిదే.

ఫ్లారిడా సంగతి కూడ ఇట్లే. అచ్చటి నుండియే ఎందుకు? చంద్రుడు నడినెత్తికి రావలెనని వెర్న్ కారణము. నేటి కారణములు వేరు: భూభ్రమణము తూర్పుదిశగా ఇచ్చు ఊతము, తూర్పున సముద్రము. మన శ్రీహరికోట వద్ద ఆ ఊతము సెకనుకు సుమారు 452 మీటర్లు, రాయికోడ్ వద్ద 442 మీటర్లు. తేడా పది మీటర్లే. మరి రాయికోడ్ నుండి రాకెట్టును ఎందుకు ప్రయోగింపరు? అక్షాంశము జవాబు కాదని అంకెలే చెప్పుచున్నవి. తూర్పుగా పోవు రాకెట్టు విడిచిన భాగములు ఎవరి ఇండ్లపై పడునో పటము చూచిన తెలియును.

దీని రెండవ భాగమైన ‘చంద్రుని చుట్టు’ అను నవలలో ఇంకను విలువైన తప్పు కలదు. ప్రయాణికులతో పాటు పోయిన సాటిలైట్ అను కుక్క చనిపోవును. దాని కళేబరమును కిటికీగుండ బయటికి విసరివేయుదురు. అది వెనుకబడక వారి వాహనము ప్రక్కనే కూడవచ్చుచుండును. ఇది నూటికి నూరుపాళ్లు సరియైన భౌతికశాస్త్రము. వాహనము, కళేబరము ఒకే వేగముతో ఒకే ఆకర్షణకు లోబడి పోవుచున్నవి గనుక ఎడబాయవు. అయితే ఇదే నవలలో వాహనము లోపలి మనుష్యులు మాత్రము నేలపై కాళ్లుమోపి నడచుచుందురు! భూమి, చంద్రుల ఆకర్షణలు సమానమగు ఒక్క బిందువు వద్ద మాత్రమే వారు గాలిలో తేలుదురని వెర్న్ వ్రాసెను. ఆ బిందువు స్థానమును అతడు సరిగనే గుర్తించెను. భూమి ద్రవ్యరాశి చంద్రునికి 81 రెట్లు, దాని వర్గమూలము 9, కావున దారిలో పదింట తొమ్మిది వంతుల వద్ద, అనగా భూమి నుండి సుమారు 3,45,000 కిలోమీటర్ల దూరమున ఆకర్షణలు సమానమగును. లెక్క ఒప్పు, దాని నుండి తీసిన ఫలితము తప్పు. బయటి కుక్కకు వర్తించిన న్యాయము లోపలి మనిషికి ఎందుకు వర్తింపలేదని ఒక్క విద్యార్థి అడిగినచో ఆ దినము పాఠము సఫలమైనట్లే.

అడుగకున్న ఉపాధ్యాయులే అడుగవలెను. తరువాత ఒక ప్లాస్టికు సీసాకు అడుగున చిన్న రంధ్రము పొడిచి, నీరు నింపి, మూత తీసి ఎత్తు నుండి జారవిడువవలెను. చేతిలో ఉన్నంతసేపు కారు నీరు, సీసా పడుచున్నంతసేపు ఆగిపోవును. పైకి విసరినను ఆగిపోవును. భారరహిత స్థితి ఆకర్షణ లేకపోవుట కాదు, ఆకర్షణ అంతటికిని లొంగిపోవుట. పదవ తరగతి ముగించిన పిమ్మట కూడ అంతరిక్షములో గురుత్వాకర్షణ ఉండదని వ్రాయు విద్యార్థులు కళాశాలలలో తరచు కనబడుచుందురు. సూత్రము కంఠస్థము చేసినంత మాత్రమున ఆ భ్రమ పోవుట లేదు. చచ్చిన కుక్క, కారని సీసా కలిసి పోగొట్టవచ్చును.

హెచ్.జి. వెల్స్ మరియొక రకపు రచయిత. వెర్న్ వలె అతడు అంకెలకు కట్టుబడడు. అయినను 1897 నాటి ‘అదృశ్య మానవుడు’ నవలలో ఒక అధ్యాయము దాదాపు పాఠ్యగ్రంథమువలె నుండును. గాజును పొడిచేసిన తెల్లగా కనబడును, ఆ పొడిని నీట వేసిన కనబడుట తగ్గును. పరిసర యానకముతో వక్రీభవన గుణకము సమానమైన వస్తువు కనబడదు అని నాయకుడు గ్రిఫిన్ వివరించును. పాఠశాలలో దీనిని చూపుటకు ఖర్చు లేదు. నీటి వక్రీభవన గుణకము 1.33. గ్లిసరిను గుణకము 1.47. ప్రయోగశాలలలో వాడు బోరోసిలికేట్ గాజు గుణకమును 1.47. మందుల దుకాణములో దొరకు గ్లిసరినులో అట్టి గాజు పరీక్షనాళికను లోపల కూడ గ్లిసరిను నింపి ముంచినచో అది చూచుచుండగనే మాయమగును. నీటిలో మాయము కాదు. ఎందుకు కాదో చెప్పగలిగిన విద్యార్థికి ఆ అధ్యాయము వచ్చినట్లే.

పిమ్మట అసలు ప్రశ్న. గ్రిఫిన్ కన్ను కూడ పారదర్శకమైనచో కటకము కాంతిని వంచదు, రెటీనా కాంతిని పట్టదు. అతడెట్లు చూచుచున్నాడు? పూర్తిగా అదృశ్యుడైనవాడు పూర్తిగా గ్రుడ్డివాడు కావలెను. వెల్స్‌కు ఈ చిక్కు తోచకపోలేదని నవలయే సూచించుచున్నది: గ్రిఫిన్ మొదట ప్రయోగించిన పిల్లి అంతయు మాయమైనను దాని కంటి వెనుక పొర మిగిలియుండును. మనిషి దగ్గరకు వచ్చుసరికి రచయిత ఆ మాటను లీలగా తాకి విడిచెను. కథకు అది అవసరము. కథకు అవసరమైన చోట శాస్త్రము ఎట్లు ప్రక్కకు తప్పుకొనునో చూపుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము లేదు.

అతని ‘కాలయంత్రము’ తరగతిలో అంతగా పనికిరాదు. యంత్రము ఎట్లు పనిచేయునో అందులో చెప్పబడలేదు గనుక పరీక్షించుటకు ఏమియు లేదు. ఒక్క సంగతి మాత్రము చూపదగినది. మూడు కోట్ల సంవత్సరముల తరువాత సూర్యుడు ఎర్రబడి చల్లారిపోవుచుండుట అందు వర్ణింపబడెను. 1895లో అది తప్పు కాదు. సూర్యుడు సంకోచించుట వలననే వేడి పుట్టుచున్నదని తలచిన లార్డ్ కెల్విన్ లెక్కలు సూర్యుని ఆయుస్సును కోట్ల సంవత్సరములలోనే కుదించినవి. 1920లో ఎడింగ్టన్ చేసిన సూచనయు, 1939లో బేథె చేసిన గణనయు సూర్యుని శక్తికి పరమాణు కేంద్రకముల సంయోగము మూలమని తేల్చినవి. నేటి లెక్క ప్రకారము సూర్యునికి ఇంకను సుమారు 500 కోట్ల సంవత్సరములు కలవు.

ఇటీవలి నవలలలో ఆండీ వెయిర్ 2011లో వెలువరించిన ‘ది మార్షియన్’ జహీరాబాదు ప్రాంతపు విద్యార్థులకు ప్రత్యేకముగా దగ్గరిది. అంగారకునిపై ఒంటరిగా చిక్కుకొన్న మనిషి అచ్చట ఆలుగడ్డలు పండించుకొని బ్రతుకును. జహీరాబాదు వైపు చలికాలములో ఆలుగడ్డ వేయు రైతుల పిల్లలు ఈ కథను పట్టణపు పిల్లల వలె ఆశ్చర్యముతో గాక అనుమానముతో చదువగలరు. అదియే కావలసినది. నవలలోని తోట 126 చదరపు మీటర్లు, గుంటకు కొంచెము మించును. మన దేశపు సగటు దిగుబడి హెక్టారుకు సుమారు 24 టన్నులు, అనగా చదరపు మీటరుకు 2.4 కిలోలు. ఆ తోటలో ఒక పంటకు 3 క్వింటాళ్లు పండును. మనిషికి దినమునకు 2,000 కాలరీలు కావలెనన్న 2.6 కిలోల ఆలుగడ్డలు తినవలెను. మూడు క్వింటాళ్లు 116 దినములకు వచ్చును. పంట కాలము దాదాపు 90 దినములు. అనగా ఒక పంట తినుచు మరియొక పంట తీయవచ్చును! మొదట నవ్వులాటగా కనబడిన కల్పన కాగితముపై నిలబడుచున్నది.

అయితే రైతు బిడ్డ ఇంతటితో తృప్తి చెందడు. విత్తనమెంత యని అడుగును. నవలా నాయకుని వద్ద మొదట ఉన్నవి 12 గడ్డలు మాత్రమే. కన్నులు చూచి ముక్కలు కోసి నాటినను మొదటి పంటకే గుంట నేల నిండదు; విత్తనము వృద్ధి చేసికొనుటకే కొన్నాళ్లు పట్టును. రచయిత ఈ సంగతి ఎరిగి కథను నడిపెను. వెలుతురు ఏది, మట్టిలో ఏమున్నది అనునవి తరువాతి ప్రశ్నలు. అంగారకుని మట్టిలో పెర్‌క్లోరేటులను విష లవణములు కలవని 2008లో ఫీనిక్స్ నౌక కనుగొన్నది. నవలలో వాటి ప్రసక్తి లేదు. ఇక కథకు మూలమైన పెనుతుపాను అసంభవము. అచ్చటి వాయుపీడనము భూమిపై నున్న దానిలో నూరవ వంతు కూడ లేదు. ఆ గాలి ఎంత వేగముగా వీచినను నౌకను ఒరిగించలేదు. రచయితయే ఈ లోపమును బహిరంగముగా అంగీకరించెను. నవలలోని భాష కొన్ని చోట్ల పిల్లలకు తగినది కాదు గనుక ఉపాధ్యాయులు కొన్ని పుటలను మాత్రమే ఏరి చదివించుట మంచిది.

ఏరి చదివించుట యను మాట అన్ని నవలలకును వర్తించును. మూడువందల పుటల గ్రంథము చదివించుటకు పాఠశాలలో కాలము లేదు, పదవ తరగతి పరీక్షలో దానికి మార్కులు లేవు. నవల ప్రయోగశాలకు బదులు కాజాలదు కూడ. సామగ్రి కొనని పాఠశాలకు కథాపుస్తకములు పంపి సరిపెట్టుకొను పద్ధతి ఏ రోజైన వచ్చినచో దానిని గట్టిగా ఎదిరింపవలెను. రెండు పుటల కథాభాగము, ఒక లెక్క, ఒక సీసా లేక ఒక పరీక్షనాళిక: ఒక పీరియడుకు ఇంతకు మించి అక్కరలేదు. 2022–23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పాఠ్యగ్రంథములు ఒక ప్రక్క తెలుగు, మరియొక ప్రక్క ఇంగ్లీషుగా ముద్రింపబడుచున్నవి. కథాభాగములను కూడ అట్లే అచ్చువేసి ఇచ్చినచో రెండు భాషలును నేర్చుకొను విద్యార్థికి మేలు.

తెలుగు నవలల సంగతి చెప్పవలెనన్న కొంత నిరాశ తప్పదు. భౌతికశాస్త్రము చదివిన కొడవటిగంటి కుటుంబరావు వంటి వారు శాస్త్రకల్పనలు వ్రాసిరి గాని ఆ త్రోవ విశాలము కాలేదు. మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘నత్తలొస్తున్నాయి జాగ్రత్త’ తరగతికి తీసికొనిరాదగిన కొద్దివానిలో ఒకటి. ఆఫ్రికా పెద్దనత్త 1847లో మారిషస్ నుండి కలకత్తాకు తేబడి మన దేశములో వ్యాపించిన నిజమైన పురుగు. ప్రతి నత్తయు స్త్రీ, పురుష అవయవములు రెండును కలది. ఒక విడతకు 200 గ్రుడ్లనుకొని, అన్నియు బ్రతికిన రెండవ తరము 40,000, మూడవ తరము 80 లక్షలు. మరి దేశమంతయు నత్తలతో నిండలేదేమి? ఆహారము, శత్రువులు, ఎండ అని విద్యార్థులు ఒక్కొక్కటిగా చెప్పుకొనిపోవునపుడు జీవావరణ పాఠము జరుగుచునే యుండును.

కాని 1980ల దశకమున తెలుగు పాఠకులను ఎక్కువగా ఊపినవి ఇట్టివి కావు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ చేతబడిని ఇతివృత్తముగా గొన్నది. అది శాస్త్రకల్పన కాదు. అయినను మంత్రమును, వైద్యమును ఒకే తక్కెడలో తూచి, రెండింటికిని సమాన గౌరవమిచ్చు కథనము చదువరిని ఎటు నెట్టునో ఆలోచింపవలెను. ఉమ్మడి మెదక్ జిల్లాలో బాణామతి చేసిరను అనుమానముతో మనుష్యులను కొట్టిన, చంపిన ఉదంతములు పలుమార్లు జరిగినవి. అట్టి గ్రామముల నుండి బడికి వచ్చు పిల్లలకు, అచ్చులో ఉన్నదానిని సైతము ‘ఎంత? ఎట్లు? నీవెట్లెరుగుదువు?’ అని అడుగు అలవాటు అలంకారము కాదు. గ్రిఫిన్ కన్నును ప్రశ్నించిన పిల్లవాడు రేపు భూతవైద్యుని కూడ ప్రశ్నించునని హామీ యేమియు లేదు. ప్రశ్నించుట ఎట్లో మాత్రము ఒకసారి చేసి చూచినవాడగును.

రాయికోడ్‌కు పడమర కొద్ది దూరములో కర్ణాటకము, దానిని దాటిన మహారాష్ట్రము. ఆ మరాఠీ భాషలో ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లికర్ 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు పోటీకి మారుపేరుతో ‘కృష్ణవివరము’ అను కథ పంపి బహుమతి పొందెను. అప్పటికే ప్రపంచఖ్యాతి గలవాడు. 2025లో మరణించువరకు ఆయన వ్రాసిన కథలలో, నవలలలో లెక్కకు నిలిచిన విజ్ఞానము కలదు. తెలుగు దేశములో శాస్త్రజ్ఞులకు కొదువ లేదు; కథ వ్రాయుట తమ హోదాకు తక్కువని వారు తలచుచుందురేమో.

అందాక అనువాదములే గతి. అవియు అంకెలతో కూడినవి కావలెను. వెర్న్ గ్రంథము ‘సాగరగర్భములో ఇరువదివేల లీగులు’ను 1870ల దశకమున ఇంగ్లీషులోనికి తెచ్చిన మెర్సియర్ అను మతాచార్యుడు విజ్ఞాన వర్ణనలు విసుగుపుట్టించునని కాబోలు, గ్రంథములో అయిదవ వంతుకు పైగా కోసివేసెను, మిగిలిన చోట కొలతలను తారుమారు చేసెను. ఆ అనువాదమే దాదాపు నూరేండ్లు ఇంగ్లీషు పాఠకుల చేతిలో ఉండుట వలన వెర్న్ పిల్లల కథకుడని పేరుపడెను. తెలుగులో పిల్లల కొరకు కుదించు వారు కూడ మొదట తీసివేయునవి అంకెలే. ఫిరంగి పొడవు 900 అడుగులని, గుండు వేగము సెకనుకు 12,000 గజములని లేని ప్రతిని సెలవులలో ఇంట చదువుకొనవచ్చును. నల్లబల్ల వద్దకు తెచ్చుటకు అందులో ఏమియు మిగులదు.